పార్స్‌ఇంట్‌తో తొమ్మిదేళ్ళు: మొహమాటం ఎక్కువైన ఫంక్షన్

స్ట్రింగ్‌లోంచి, అంటే కోడ్‌లోని అక్షరాల వరసలోంచి, సంఖ్య లాగడానికి వెబ్ పేజీల భాష జావాస్క్రిప్ట్‌లో నేను మొదట నేర్చుకున్నది పార్స్‌ఇంట్. తొమ్మిదేళ్ళుగా దాన్నో, దాని తోబుట్టువుల్లో ఇంకోదాన్నో వాడని రోజు లేదు. కొత్తలో అడిగి ఉంటే అయిదుకి అయిదూ వేసేవాణ్ణి. ఇప్పుడు రెండున్నర, అదీ ఒక్క పని పుణ్యమా అని. ఆ పనేమిటో చివర్లో చెప్తాను.

దాని తీరు ఇది. ఎడమ వైపు నుంచి చదువుకుంటూ పోతుంది, అంకె కానిది తగలగానే ఆగిపోయి అప్పటిదాకా దొరికినదాన్ని చేతిలో పెడుతుంది. "12పీఎక్స్" ఇస్తే, అంటే 12 పిక్సెల్స్ అనిస్తే, 12 వస్తుంది. పేజీలో వెడల్పులూ ఎత్తులూ చదవడానికి ఇది భలే హాయి. కాకపోతే "348.5పీఎక్స్" వచ్చినప్పుడు చుక్క దగ్గరే ఆగి 348 అంటుంది. ఆ అర పిక్సెల్ ఎక్కడ పోయిందో వెతుక్కుంటూ ఒక మధ్యాహ్నమంతా తగలేశాక, కొలతలకి దశాంశాలు కూడా చదివే పార్స్‌ఫ్లోట్ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు.

చిక్కంతా ఆ "దొరికిందే చాలు" అనే మొహమాటంలో ఉంది. ఒకసారి సరుకు బరువులు నమోదు చేసే ఫారం రాశాను. ఎవరో "1,250" అని కామా పెట్టి కొట్టారు. పార్స్‌ఇంట్ కామా చూసి ఆగింది. 1250 కిలోలు కాస్తా 1 కిలో అయి డేటాబేస్‌లో కూర్చుంది. ఎర్రర్ లేదు, కన్సోల్‌లో చిన్న చప్పుడు లేదు. మూడు వారాల తర్వాత మొత్తాలు కుదరడం లేదని రిపోర్టు తిరిగొస్తే అప్పుడు తెలిసింది. అక్కడ స్ట్రింగ్ మొత్తాన్ని సంఖ్యగా చదివే నంబర్ ఫంక్షన్ ఉండుంటే 'నాన్', అంటే 'ఇది సంఖ్య కాదు' అని మొహం మీదే చెప్పేది.

సరేనని అన్ని చోట్లా నంబర్‌కి మారాను. దాని పిచ్చి దానికుంది. ఖాళీ స్ట్రింగ్ ఇస్తే 0 అంటుంది. ఒట్టి స్పేస్ ఇచ్చినా 0, నల్ ('విలువ లేదు' అనే గుర్తు) ఇచ్చినా 0, అన్‌డిఫైన్డ్ (ఇంకా విలువే పెట్టనిది) ఇస్తే మాత్రం నాన్. ఇందులో నన్ను కుట్టింది మొదటిదే. నంబర్ రకం ఇన్‌పుట్‌లో కూడా ఘాతం గుర్తుగా ఇంగ్లిష్ అక్షరం 'ఈ' కొట్టొచ్చు. ఎవరైనా "1ఈ" అని సగంలో వదిలేశారనుకోండి, అది చెల్లని విలువ కాబట్టి బ్రౌజర్ మన కోడ్‌కి ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది. దాన్ని నంబర్ 0 చేస్తుంది. తప్పుగా కొట్టినవాడూ, అసలు కొట్టనివాడూ, నిజంగానే సున్నా కొట్టినవాడూ ముగ్గురూ ఒకే వరసలో నిలబడతారు. అందుకే ఇప్పుడు ముందు ట్రిమ్‌తో రెండు చివర్లా ఉన్న ఖాళీలు తీసేస్తాను, ఖాళీ అయితే అక్కడే వెనక్కి పంపుతాను, ఆ తర్వాతే నంబర్, ఆపైన వచ్చింది నాన్ కాకుండా, అనంతం కాకుండా మామూలు సంఖ్యేనా అని ఈజ్‌ఫైనైట్ తనిఖీ. ఇదంతా ఒక చిన్న ఫంక్షన్‌లో పెట్టుకుని ప్రాజెక్టు మారినప్పుడల్లా వెంట తీసుకెళ్తున్నాను.

పార్స్‌ఇంట్‌కి రెండో ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చే ఆధారం, అంటే సంఖ్యని ఏ మానంలో (పదా, ఎనిమిదా, పదహారా) చదవాలో చెప్పేది, దాని గురించి ఎంత తిట్టినా తక్కువే. 2009లో జావాస్క్రిప్ట్ నియమాలు చెప్పే ఎక్మాస్క్రిప్ట్ ఐదో ప్రమాణం వచ్చేదాకా పాత బ్రౌజర్లు ముందు సున్నా ఉంటే ఆధారం 8 అనుకునేవి, "08" ఇస్తే 0 వచ్చేది. ఆ గొడవ తీరిపోయింది గానీ మ్యాప్ గొడవ అలాగే ఉంది. నాలుగు "10"లు ఉన్న అర్రేని (విలువల జాబితాని) పార్స్‌ఇంట్‌తో మ్యాప్ చేసి, అంటే ఒక్కో విలువనీ దానికి ఇచ్చి చూడండి. 10, నాన్, 2, 3 వస్తాయి. మ్యాప్ ప్రతి విలువతో పాటు దాని ఇండెక్స్‌ని (0 నుంచి మొదలయ్యే వరస సంఖ్యని) కూడా పంపుతుంది, పార్స్‌ఇంట్ ఆ ఇండెక్స్‌ని ఆధారం అనుకుంటుంది. 0 అయితే మామూలు పది, 1 చెల్లదు, 2 అయితే ద్విసంఖ్యా మానం, ఇక 3 అయితే మూడు ఆధారమైన మానం. మొదటి విలువ సరిగ్గానే వస్తుంది కాబట్టి ఒకే వరస ఉన్న టెస్ట్ డేటాతో ఇది ఎప్పటికీ దొరకదు.

పొడవాటి ఐడీల మాట. "9007199254740993"ని నంబర్ చేస్తే చివర 2 వస్తుంది. 9007199254740991 దాటాక పూర్ణాంకాల మీద నమ్మకం లేదు. 2020లో పెద్ద పూర్ణాంకాల్ని కూడా ఖచ్చితంగా పట్టే బిగ్‌ఇంట్ ప్రమాణంలోకి వచ్చింది, కానీ ఐడీలతో కూడికలు చెయ్యం కదా, స్ట్రింగ్‌గానే ఉంచేస్తే పోయింది.

వాక్యం మధ్యలోంచి సంఖ్య తియ్యడం వేరే కథ. "ఆర్డర్ 4471, పెట్టెలు 12" అన్న దాంట్లో నాకు 12 కావాలి. పార్స్‌ఇంట్ మొదటి అక్షరం దగ్గరే చేతులెత్తేస్తుంది. నేనూ అందరిలాగే చాలాకాలం అంకెలు కానివన్నీ రీప్లేస్‌తో ఊడ్చేసి మిగిలింది నంబర్‌కి ఇచ్చేవాణ్ణి. ఈ వాక్యానికి అలా చేస్తే వచ్చేది 447112, పన్నెండు పెట్టెలు నాలుగు లక్షల పైచిలుకు అవుతాయి. "-3.5" అయితే 35 అయి కూర్చుంటుంది. ఊడ్చడం మానేసి "పెట్టెలు" అన్న మాట తర్వాత వచ్చే అంకెల్నే పట్టే రెజెక్స్ (అక్షరాల నమూనా) రాయడం మొదలెట్టాను. 2018 నుంచి రెజెక్స్ పట్టే ముక్కలకి, అంటే గ్రూపులకి, పేర్లు పెట్టుకోవచ్చు కాబట్టి ఆరు నెలల తర్వాత చదివినా అర్థమవుతుంది. దొరక్కపోతే మ్యాచ్ నల్ ఇస్తుంది, తనిఖీ మర్చిపోతే కోడ్ పగులుతుంది. పగలనివ్వండి, ఆ 1 కిలో కంటే వెయ్యి రెట్లు నయం.

కాపీ పేస్ట్‌తో వచ్చే పీడ ఇంకోటుంది. కంటికి "45" లాగే కనబడుతుంది, నంబర్ నాన్ అంటుంది. లెంగ్త్ చూస్తే 3. లోపల వెడల్పు లేని స్పేస్ ఒకటి దాక్కుని ఉంటుంది, ట్రిమ్ దాన్ని తియ్యదు. మాటల మధ్య వరస విరగకుండా ఆపే విరగని స్పేస్‌ని మాత్రం తీస్తుంది. ఈ తేడా నాకు తెల్లారుజామున తెలిసింది.

తెలుగు అంకెల్నీ పరీక్షించాను. "౧౨" ఇస్తే నంబర్, పార్స్‌ఇంట్ రెండూ నాన్ అన్నాయి. పైథాన్ అనే ఇంకో భాషలో అదే, స్ట్రింగ్‌ని పూర్ణాంకం చేసే ఇంట్‌కి ఇస్తే చక్కగా 12 వచ్చింది. "12పీఎక్స్" ఇస్తే మాత్రం పైథాన్ వాల్యూఎర్రర్ విసురుతుంది, నాకు నచ్చే పద్ధతి అదీ. తెలుగు మాటల్ని కోసేటప్పుడు కూడా జాగ్రత్త. "తెలుగు" లెంగ్త్ 3 కాదు, 6. గుణింతాల గుర్తులు విడిగా లెక్కకొస్తాయి. మొదటి మూడూ స్లైస్ చేస్తే "తెల" మిగులుతుంది, కొమ్ము కత్తిరింపులో పోతుంది. సెగ్మెంటర్ వాడితే అక్షరాలుగా విడదీస్తుంది.

ఇక ఆ రెండున్నర మార్కులు. రంగు కోడ్‌లోంచి స్లైస్‌తో "ఎఫ్‌ఎఫ్" అన్న రెండక్షరాలు తీసి, ఆధారం 16 అని రాసి పార్స్‌ఇంట్‌కి ఇస్తే 255 వస్తుంది. "88" ఇస్తే 136. నంబర్‌కి ఆధారాన్ని విడిగా చెప్పే వీలే లేదు. రంగులకి ఇప్పటికీ దాన్నే పిలుస్తున్నాను, ఒక్కసారీ మాట తప్పలేదు.