లైబ్రరీ కార్డుతో ఊరికే వచ్చే పేపర్ల యాప్: నా రివ్యూ

ముందు ధర చెప్పేస్తాను, రివ్యూ అనగానే మనవాళ్ళు వెతికేది అదే కాబట్టి. ఫ్రీ. కౌన్సిల్ లైబ్రరీ కార్డు ఉంటే చాలు. కార్డు నంబరు, పిన్ కొడితే బ్రిటన్‌లో పొద్దున్నే వచ్చే పేపర్లు చాలా వరకు, అచ్చులో ఎలా ఉన్నాయో అలాగే ఫోన్‌లో తెరుచుకుంటాయి. టీవీ చూడటానికి ఏటా లైసెన్సు కట్టించుకునే దేశంలో (2025 ఏప్రిల్‌లో దాని రేటు 174.50 పౌండ్లకి పెంచారు) ఇది ఊరికే వస్తుందంటే నేను మొదట నమ్మలేదు. ఎక్కడో బ్యాంకు కార్డు వివరాలు అడుగుతాడులే అనుకున్నా. అడగలేదు.

యాప్ పేరు రాయడం లేదు. ఒక్కో కౌన్సిల్ ఒక్కో కంపెనీది ఇస్తుంది, పైగా కింద కొన్ని తిట్లు కూడా ఉన్నాయి. మీ లైబ్రరీ వెబ్‌సైట్‌లో న్యూస్‌పేపర్లు, మేగజైన్లు అన్న చోట చూస్తే మీ ఊరికి ఏది ఇచ్చారో దొరుకుతుంది.

ఇది ముఖ్యంగా ఎవరికి పనికొస్తుందంటే, ఇక్కడ ఇంకా ఇండియన్ పాస్‌పోర్టు మీదే ఉన్న మనవాళ్ళకి. మనకి ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది, తెలుసా? కామన్వెల్త్ పౌరులం కాబట్టి వీసా మీద ఉన్నా నమోదు చేసుకోవచ్చు. బూత్‌లో ఫొటో ఐడీగా మన పాస్‌పోర్టే చూపించవచ్చు. ఈ మాట చెప్తే ఇప్పటికీ సగం మంది నోరు తెరుస్తారు. సరే, ఓటు ఉంది. ఎవరికి వెయ్యాలి? ఆఫీసులో అడిగి చూడండి, ఒక్కో నాయకుడి గురించి ఒక్కో ముక్క వస్తుంది. లెట్యూస్ ఆవిడ. వానలో తడిసినాయన. బేకన్ శాండ్‌విచ్ తినడం రానివాడు. పాలసీ ఏమిటయ్యా అంటే ఎవరూ పలకరు. ఆ ముక్కలు ఎక్కడ తయారవుతాయో ప్రతి పొద్దునా కళ్ళారా చూడొచ్చు కాబట్టే ఈ యాప్‌కి ఇంత రాస్తున్నాను.

నాకీ పిచ్చి లెస్టర్‌లో పట్టింది. చదువుకునే రోజుల్లో ఒక గుజరాతీ అంకుల్ షాపులో తెల్లవారుజామున పని. షట్టర్ ముందు పేపర్ కట్టలు పడేసి వెళ్ళిపోతారు. ప్లాస్టిక్ పట్టీ కోసి, చీటీతో లెక్క సరిచూసి, నిన్నటివి రిటర్న్స్‌కి కట్టి, కొత్తవి ర్యాకులో సర్దాలి. 2015 మే 6న, అంటే పోలింగ్‌కి ముందు రోజు, పట్టీ కోయగానే సన్ పేపర్ మీద లేబర్ నాయకుడు ఎడ్ మిలిబాండ్ మొహం. నోట్లో బేకన్ శాండ్‌విచ్, మూతి ఒక పక్కకి పోయి, కళ్ళు సగం మూసుకుని. పైన 'సేవ్ అవర్ బేకన్' (మమ్మల్ని గట్టెక్కించండి అనే నుడికారం) అని పెద్దక్షరాలు. ఆ ఫొటో అప్పటికి ఏడాది పాతది. 2014 మేలో లండన్‌లో న్యూ కోవెంట్ గార్డెన్ మార్కెట్‌కి పొద్దున్నే వెళ్ళినప్పుడు తీసింది. ఆయనది యూదు కుటుంబం, బేకనేమో పంది మాంసం, కాబట్టి ఆ బొమ్మనే పట్టుకు వేలాడటంలో వేరే వెకిలితనం ఉందని అన్నవాళ్ళూ ఉన్నారు.

ఆ పొద్దున నేను గమనించింది పేపర్ కొన్నవాళ్ళని కాదు, కొననివాళ్ళని. పాలకి వచ్చినాయన, లాటరీ టికెట్‌కి వచ్చినావిడ, సిగరెట్లకి వచ్చిన కుర్రాళ్ళు అందరూ కౌంటర్ దగ్గర నిలబడి ఆ మొహం చూసి నవ్వి వెళ్ళారు. లోపల పేజీల్లో ఏముందో ఎవడికీ అక్కర్లేదు. 7న ఎన్నిక, 8న మిలిబాండ్ రాజీనామా. శాండ్‌విచ్ వల్లే ఓడాడని నేననను. స్కాట్లాండ్ దాదాపు మొత్తం చేజారింది, ఆర్థిక వ్యవస్థ మీద జనానికి లేబర్ అంటే నమ్మకం లేదు. కానీ ఇతగాడు ప్రధాని కుర్చీలో ఎలా ఉంటాడు అని ఊహించుకోబోతే శాండ్‌విచ్ అడ్డొచ్చేలా చేశారు. అదే ప్రచారంలో అప్పటి ప్రధాని, కన్సర్వేటివ్ నాయకుడు డేవిడ్ కామెరాన్, చేత్తో తినే హాట్ డాగ్‌ని కత్తి, ఫోర్కు పెట్టుకుని తిన్నాడు! భయం అంటే అదీ.

యాప్‌లో నాకు బాగా నచ్చింది ఆ ర్యాకే. తెరవగానే ఆ రోజు మొదటి పేజీలన్నీ పక్కపక్కనే గళ్ళలో కనిపిస్తాయి. ఒక్క పేపర్ తెప్పించుకునేవాడికి ఇది జన్మలో కనబడదు. ఒకే నాయకుడు ఒక గడిలో పులి, పక్క గడిలో పిల్లి. 2022 సెప్టెంబర్ 23న ప్రధాని లిజ్ ట్రస్ ప్రభుత్వం మినీ బడ్జెట్ పెట్టింది. మర్నాడు డైలీ మెయిల్ 'ఎట్ లాస్ట్! ఎ ట్రూ టోరీ బడ్జెట్' (హమ్మయ్య, అసలైన కన్సర్వేటివ్ బడ్జెట్) అని పండగ చేసుకుంది. ఆ తర్వాత పౌండు పడింది, ఇంటి లోన్ల రేట్లు లేచాయి, చాన్సలర్, అంటే ఆర్థిక మంత్రి, క్వాసీ క్వార్టెంగ్ పదవి పోయింది. ఆవిడ పదవి లెట్యూస్ అనే సలాడ్ ఆకు వాడిపోయేంత కాలమే అని ఎకానమిస్ట్ ఎగతాళి చేస్తే, డైలీ స్టార్ నిజంగానే 60 పెన్నీల లెట్యూస్ ఒకటి కొని, విగ్గు పెట్టి, అక్టోబర్ 14 నుంచి కెమెరా ముందు లైవ్‌లో కూర్చోబెట్టింది. 20న ఆవిడ రాజీనామా ప్రకటించేసరికి లెట్యూస్ ఇంకా బతికే ఉంది. పన్నులు ఎంత తగ్గించబోయింది, డబ్బెక్కడ నుంచి తేబోయింది అని ఇప్పుడు ఎవర్నన్నా అడగండి. తెలిసింది లెట్యూస్ ఒక్కటే. మా ఆవిడకైతే ట్రస్ మొహం కూడా గుర్తులేదు, విగ్గు గుర్తుంది.

ఇక తిట్లు.

చదవడం సులువని వీళ్ళు టెక్స్ట్ వ్యూ అని ఒకటి పెట్టారు, ఇన్‌స్టాల్ చేయగానే అదే ఆన్‌లో ఉంటుంది. వార్త మీద నొక్కితే పేజీ పోయి అక్షరాలు మాత్రం మిగులుతాయి. కంటికి హాయే. కానీ అసలు సరుకంతా దాంతోపాటే పోతుంది. 2024 మే 22న రిషి సునాక్ డౌనింగ్ స్ట్రీట్‌లో నిలబడి ఎన్నికలు ప్రకటించాడు కదా, మర్నాటి పేపర్లు నేను రెండు రకాలుగానూ చూశాను. టెక్స్ట్‌లో చదివితే జూలై 4న పోలింగ్, ద్రవ్యోల్బణం 2.3 శాతానికి దిగింది, ఇప్పుడే ఎందుకు పెట్టాడు అన్న చర్చ. బుద్ధిమంతుడైన ప్రధాని. పేజీ వ్యూకి మారితే సూటు భుజాల మీద నీళ్ళు కారుతూ, గొడుగు లేకుండా నిలబడ్డ మనిషి, పేజీ మొత్తం. అక్షరాల్లో ఉన్నాయన వేరు, బొమ్మలో ఉన్నాయన వేరు. దేశానికి గుర్తున్నది రెండోవాడే. పేజీ మీద ఏది ఎంత పెద్దగా వేశారు, ఏ ఫొటో ఎంచారు, ఏది 17వ పేజీకి తోశారు అన్నదే పేపరోడి అసలు అభిప్రాయం. దాన్ని తుడిచేసి శుభ్రంగా వార్త ఇచ్చాం అనుకుంటున్నారు వీళ్ళు.

సెర్చ్ ఫర్వాలేదు. ఒక పేరు కొడితే ఏ పేపర్లో ఎప్పుడెప్పుడు వచ్చిందో వరసగా ఇస్తుంది. 2022 వసంతంలో అప్పటి లేబర్ ప్రతిపక్ష నాయకుడు కీర్ స్టార్మర్ మీద బీరూ కరీ గొడవ నడిచినప్పుడు బాగా వాడాను. 2021 ఏప్రిల్‌లో, కోవిడ్ ఆంక్షలుండగా, డరమ్‌లో పార్టీ పని మధ్యలో బీరు తాగాడు, అందరికీ కరీ తెప్పించారు అన్నది ఆరోపణ. డైలీ మెయిల్ వరసగా రోజుల తరబడి మొదటి పేజీ ఇచ్చింది. జరిమానా పడితే రాజీనామా చేస్తానన్నాడాయన. జూలై 8న డరమ్ పోలీసులు తప్పేమీ లేదని తేల్చేశారు. అప్పుడు సెర్చ్ ఫలితాలు తేదీల వారీగా పెట్టి చూస్తే, ఆరోపణ కొండంత, తీర్పు దోసెడంత. అయితే పాత సంచికలు కొన్ని నెలలకే పోతాయి. నేను స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుంటాను కాబట్టి సరిపోయింది. లైబ్రరీ వాళ్ళు ఇచ్చే సర్వీసులో పాతవి దొరక్కపోవడం ఏమిటో!

ఏ పేపర్ ఎవరిదో యాప్ ఎక్కడా చెప్పదు. ఇది పెద్ద లోటు. మన తెలుగువాళ్ళకి పేపర్ చేతికి రాగానే ఇది ఏ పార్టీది అని చూసే కన్ను పుట్టుకతోనే ఉంటుంది, ఇక్కడికొచ్చాక అదెందుకో మూసుకుంటుంది, ఇంగ్లీషులో ఉంటే నిజమే అనిపిస్తుంది కాబోలు. సన్, టైమ్స్ మర్డోక్ కంపెనీవి. మెయిల్ లార్డ్ రోథర్‌మియర్‌ది. ఇక సరదా ఏమిటంటే, ఎప్పుడూ లేబర్ వైపుండే మిర్రర్, కన్సర్వేటివ్‌ల ఎక్స్‌ప్రెస్, ఆ లెట్యూస్ స్టార్, మూడూ 2018 నుంచి ఒకే ఇంట్లో ఉన్నాయి. రీచ్ అన్న కంపెనీ. ఒకే వంటింట్లో మూడు రుచులు.

టీవీకి ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నిబంధనలున్నాయి, ఏకపక్షంగా ఉండకూడదు. పోలింగ్ రోజు బూత్‌లు తెరిచాక ఎన్నికల అంశాల మీద చర్చ కూడా ఆపేస్తారు, అందుకే ఆ రోజంతా బూత్ బయట కట్టేసిన కుక్కల్ని చూపిస్తుంటారు. పేపర్లకి ఆ కట్టుబాటు లేదు. వాటి నియమావళి ప్రకారం ఒక పక్షం తీసుకోవచ్చు, అభిప్రాయాన్నీ నిజాన్నీ విడిగా చూపిస్తే చాలు. అయితే రాత్రి పదిన్నర ప్రాంతంలో న్యూస్ ఛానళ్ళలో రేపటి మొదటి పేజీలు చూపించి ఇద్దరు కూర్చుని మాట్లాడతారే, అక్కడ కట్ట విప్పినట్టే. పేపర్ ఎన్నడూ కొననివాడి ఇంట్లోకి ఆ హెడ్డింగు టీవీ మీదుగా దర్జాగా వస్తుంది. అమ్మకాలు పడిపోయాయి కాబట్టి పేపర్ల పని అయిపోయిందనేవాళ్ళతో నేను ఇందుకే ఒప్పుకోను. అంకుల్ షాపు ర్యాకు టీవీలోకి మారింది, అంతే.

మరి వాళ్ళు గెలిపించగలరా? 1992 పోలింగ్ రోజు సన్ పేపర్ లేబర్ నాయకుడు నీల్ కినాక్ తలని బల్బులో పెట్టి, ఈయన గెలిస్తే దేశం వదిలి వెళ్ళే చివరివాళ్ళు దయచేసి లైట్లు ఆర్పండి అని వేసింది. కన్సర్వేటివ్ ప్రధాని జాన్ మేజర్ గెలిచాక గెలిపించింది మేమే అని చంకలు గుద్దుకుంది. ఆ తర్వాత 1997లో లేబర్ నాయకుడు టోనీ బ్లెయిర్ వైపు, 2009లో మళ్ళీ కన్సర్వేటివ్ కామెరాన్ వైపు, 2024లో పోలింగ్ ముందు రోజు స్టార్మర్ వైపు దూకింది. దూకిన ప్రతిసారీ ఆ గుర్రం అప్పటికే ముందుంది. ఇంకో పక్క అప్పటి లేబర్ నాయకుడు జెరెమీ కార్బిన్. 2016లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్ వాళ్ళు ఎనిమిది పేపర్లు తిరగేస్తే, ఆయన మీద వచ్చిన కథనాల్లో నాలుగింట మూడొంతులు ఆయన మాటని అసలు చెప్పకపోవడమో, వంకరగా చెప్పడమో చేశాయని తేలింది. అయినా 2017లో లేబర్‌కి 40 శాతం ఓట్లు పడ్డాయి. ప్రచారంలో టీవీ రూల్స్ వల్ల జనం ఆయన్ని నేరుగా చూశారు, బొమ్మకీ మనిషికీ తేడా కనిపించింది అని నా లెక్క. 2010 ఏప్రిల్ 15 మొదటి టీవీ డిబేట్‌లో లిబరల్ డెమోక్రాట్ల నాయకుడు నిక్ క్లెగ్‌కీ ఇలాగే వెలుగొచ్చింది, సర్వేల్లో ఎగిరాడు, చివరికి ఉన్న సీట్లలోనే అయిదు తగ్గి 57 మిగిలాయి. టీవీ మెరుపు కూడా అంతే మరి.

ఈ ఆటని తిప్పి ఆడినవాడు అదే లిబరల్ డెమోక్రాట్ల పార్టీకి నాయకుడైన ఎడ్ డేవీ. 2024లో విండర్‌మియర్ సరస్సులో పాడిల్ బోర్డు మీంచి పడ్డాడు, బంజీ దూకాడు, రోజూ ఏదో ఒక ఫొటో. మీరు పెట్టేలోపు నా బొమ్మ నేనే పెట్టుకుంటా అన్నట్టు. 12.2 శాతం ఓట్లతో 72 సీట్లొచ్చాయి. 14.3 శాతం వచ్చిన నైజెల్ ఫరాజ్ రిఫార్మ్ పార్టీకి అయిదు. ఇది ఫొటోల మహిమ కాదు, ఎక్కడ నిలబడాలో చూసుకుని నిలబడటం. ఆ లెక్క మొదటి పేజీల్లో కనబడదు.

మళ్ళీ యాప్‌కి వస్తే, హోం స్క్రీన్‌లో మీ కోసం అని వార్తలు ఏరి పెడుతుంది. నేను నాయకుల వెకిలి ఫొటోల మీద ఎక్కువసేపు ఆగుతున్నానని కనిపెట్టి అవే పెట్టడం మొదలెట్టింది. పేపర్లన్నీ పోల్చి చూద్దామని వస్తే ఇది తానే ఇంకో ఎడిటర్‌లా తయారైంది. నాకు ఏరొద్దు, పేపర్లని అక్షర క్రమంలో పెట్టండి చాలు అని సపోర్టుకి రాశాను. మీ సూచన విలువైనది అని జవాబొచ్చింది. దాంతో సరి. ఇవి కాక, ఊరికే లాగౌట్ చేసేస్తుంది, పేజీ జూమ్ చేస్తే ఒక్క క్షణం మసకబారి ఆలోచించుకుంటుంది, వారాంతం సప్లిమెంట్లు కొన్ని రావు.

అయిదుకి నాలుగు. ఇన్‌స్టాల్ చేయగానే సెట్టింగ్స్‌లో టెక్స్ట్ వ్యూ తీసేసి పేజీ వ్యూ పెట్టుకోండి, సిఫార్సులు ఆపేయండి. ఫోన్ కన్నా ట్యాబ్ మేలు. పిన్ మర్చిపోతే మాత్రం మా కౌన్సిల్‌లో ఆన్‌లైన్‌లో కుదరదు, లైబ్రరీకే వెళ్ళాలి. మా దగ్గర శనివారం మధ్యాహ్నానికే మూసేస్తారు, టైమింగ్స్ చూసుకుని బయల్దేరండి.