బాచుపల్లి ఫ్లాట్: ఇల్లు బాగుంది, వారంటీ కార్డే బాగోలేదు

బాచుపల్లిలో మేం తీసుకున్న మూడు బెడ్‌రూముల ఫ్లాట్‌కి 5కి మూడున్నర ఇస్తాను. గాలీ వెలుతురూ బాగున్నాయి, మంజీర నీళ్లు వస్తున్నాయి, లిఫ్టులు మొరాయించడం లేదు. తగ్గించిన ఒకటిన్నర, తాళాలిచ్చాక బిల్డర్ ఆఫీసు వాళ్లు నడుచుకున్న తీరుకి.

తాళాలతో పాటు నిగనిగలాడే వారంటీ కార్డు ఒకటి చేతిలో పెట్టారు. సీపేజీకి ఏడాది, ప్లంబింగ్‌కి ఆరు నెలలు, గోడల బీటలకు వర్తించదు అని ఉంది. రెండో వానాకాలంలో బాల్కనీ పక్క గోడ ఉబ్బి, పెయింట్ పెచ్చులుగా రాలింది. ఫోన్ చేస్తే కస్టమర్ కేర్ అమ్మాయి ఎంతో మర్యాదగా, "మేడమ్, మీకు ఏడాది దాటిపోయిందండీ. వాటర్‌ప్రూఫింగ్‌కి కొటేషన్ పంపించమంటారా?" అంది.

కార్డు మాట అలా ఉంటే, రెరా చట్టం (ఇళ్లు కట్టి అమ్మే బిల్డర్లను అదుపులో పెట్టే రియల్ ఎస్టేట్ చట్టం) 14(3) సెక్షన్ మాట ఇంకోలా ఉంది. పొజెషన్ ఇచ్చిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు లోపం బయటపడి మనం చెబితే, 30 రోజుల్లో బిల్డరే పైసా తీసుకోకుండా బాగు చేయాలి. స్లాబు, పిల్లర్ల సంగతే కాదు, పనితనం, నాణ్యత కూడా అందులోకే వస్తాయి. చేయకపోతే నష్టపరిహారం అడగొచ్చు. లెక్క మొదలయ్యేది రిజిస్ట్రేషన్ నుంచి కాదు కాబట్టి పొజెషన్ లెటర్‌ని సేల్ డీడ్ పక్కనే దాచాను.

అలాగని అన్నీ బిల్డర్ నెత్తిన వేయలేం. గీజర్, చిమ్నీ మేం కొన్నవి, వాటికి కంపెనీ వాళ్లే దిక్కు. కిచెన్ గట్టు మేమే కొట్టించి మార్పించుకున్నాం, అక్కడ లీకయితే అడిగే మొహం మాకు లేదు.

సూపర్‌వైజర్‌కి వాట్సాప్‌లో ఫోటోలు పంపితే బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకునేవాడు. పొజెషన్ తేదీ, సెక్షన్ నంబరు, ఫోటోలు పెట్టి కంపెనీకి మెయిల్ కొట్టాక సైట్ ఇంజినీరే వచ్చాడు. మొదట లోపల పుట్టీ పెట్టి రంగేస్తామన్నాడు. గోడలో తడి అలాగే ఉండగా పుట్టీ ఎందుకని నేను ఒప్పుకోలేదు. చివరికి టెర్రస్ మీంచి తాళ్లతో మనుషుల్ని దింపి చూస్తే, బీమూ ఇటుక గోడా కలిసే చోట బీట కనిపించింది. అది చెక్కి, మెష్ కొట్టి, మళ్లీ ప్లాస్టరింగ్ చేశారు. కిటికీ ఫ్రేము చుట్టూ సీలెంట్ కూడా పెట్టారు. ఈ పని మాత్రం శుభ్రంగా చేశారు, ఆ మాట చెప్పాలి.

అత్తయ్య బాత్రూం దగ్గరే పెద్ద గొడవ. వాటం తప్పి నీళ్లు జాలీ వైపు పోకుండా గుమ్మం దగ్గర నిలిచేవి. "అమ్మా, వైపర్‌తో లాగేసుకుంటే సరిపోతుంది కదా" అన్నాడు సూపర్‌వైజర్. డెబ్బై దాటిన మనిషి వైపర్ పట్టుకుంటుందా? మళ్లీ మెయిల్, మళ్లీ టెన్షన్. ఎట్టకేలకు టైల్స్ తీసి వాటం సరిచేశారు. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక జాలీ మూసి రాత్రంతా నీళ్లు నిలబెట్టించాను. కింది ఫ్లాట్ వాళ్ల సీలింగ్ చూసొచ్చాకే టైల్స్ వేయనిచ్చాను. కొత్తవి పాతవాటితో రంగు కలవలేదు. అడుగు ఎక్కడేయాలో తెలుస్తోందని అత్తయ్యకి మాత్రం అదే నచ్చింది.

ఇదే బిల్డర్ కొత్త ప్రాజెక్టులో మా తోటికోడలు వాళ్లు ఫ్లాట్ చూస్తున్నారు. వద్దనలేదు. అగ్రిమెంట్‌లో లోపాల బాధ్యత 5 ఏళ్లని రాశారో లేదో చూసుకోమన్నాను. ఓసీ (కాపురం ఉండొచ్చని అధికారులిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) కాపీ చేతికొచ్చాకే తాళాలు తీసుకోమన్నాను. వెళ్లేటప్పుడు ఒక బకెట్ పట్టుకెళ్లి, ప్రతి బాత్రూంలోనూ నీళ్లు పోసి చూడమని కూడా చెప్పాను.