బోటు మీద ఒక రోజు: విశాఖ–భీమిలి తీరమా, కాకినాడ హోప్ ఐలాండా? ఏది మేలు?

చిన్న మర బోటు మీద ఒక రోజంతా తీరం వెంబడి తిరిగి రావాలంటే నాకు తెలిసి మన దగ్గర పనికొచ్చే దారులు రెండు. ఒకటి విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి భీమిలి దాకా, మొత్తం బయటి సముద్రం మీదే. రెండోది కాకినాడ నుంచి హోప్ ఐలాండ్‌కి వెళ్ళి, అటునుంచి కోరంగి మడ అడవుల్లో ఒక చుట్టు వేసి రావడం. మొదటిది రెండుసార్లు, రెండోది మూడుసార్లు తిరిగాను. అంతర్వేది కూడా ఉంది కదా అంటారు, దాని సంగతి తర్వాత.

అందరూ 'ఏది బావుంటుంది?' అనే అడుగుతారు. వెళ్ళేటప్పుడు రెండూ బావుంటాయండీ. తేడా అంతా తిరిగొచ్చేటప్పుడే తెలుస్తుంది. విశాఖలో గాలి ఏడిపిస్తుంది, కాకినాడలో నీళ్ళు మోసం చేస్తాయి. ఈ రెండింట్లో మీరు దేన్ని తట్టుకోగలరో చూసుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

ముందు విశాఖ. తెల్లారి ఆరింటికల్లా హార్బర్ దాటితే కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ నల్లగా నీళ్ళలోకి చొచ్చుకుని కనిపిస్తుంది, ఎడమవైపు ఊరంతా ఎండలో మెరుస్తూ మెల్లగా జరుగుతూ ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా బీచ్ రోడ్డు మీద నిలబడి సముద్రాన్ని చూసినవాణ్ణి, సముద్రంలోంచి బీచ్ రోడ్డుని చూడటం అదే మొదటిసారి. ఒడ్డు మీదున్న కురుసుర సబ్‌మెరైన్ ఎవరో పిల్లాడు మర్చిపోయిన బొమ్మలా ఉంది. కైలాసగిరి మీది శివపార్వతులు చాలాసేపు కనిపిస్తూనే ఉంటారు. తర్వాత రుషికొండ, అక్కణ్ణుంచి ఎర్రమట్టి దిబ్బలు, చివర్లో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట భీమిలి. నీళ్ళ మీద దూరం సుమారు 27 కిలోమీటర్లు, చిన్న అవుట్‌బోర్డ్ ఇంజన్ బోటుకి రెండు గంటలు, మధ్యలో ఆగి ఫొటోలు తీసుకుంటే రెండున్నర. నేవీ వాళ్ళ ప్రాంతం దగ్గరికి మాత్రం పోకూడదు, ఫోన్ కూడా అటు తిప్పకపోవడమే మంచిది. బయట లంగరేసి ఉన్న పెద్ద ఓడలకి కూడా దూరంగానే ఉండాలి.

ఇంతవరకూ స్వర్గమే. ఇక తిరుగు ప్రయాణం. పొద్దున పూట ఒడ్డు నుంచి సముద్రం వైపు చిన్నగాలి ఉంటుంది, నీళ్ళు నూనెలా ఉంటాయి. ఎండెక్కి నేల వేడెక్కాక గాలి సముద్రం మీంచి ఒడ్డుకి తిరుగుతుంది. ఫిబ్రవరి దాటిన దగ్గర్నుంచి మధ్యాహ్నానికి దక్షిణపు గాలి బాగా ముదురుతుంది. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది కాబట్టి భీమిలి వెళ్ళేటప్పుడు ఆ గాలి వెనకాల ఉంటుంది, వచ్చేటప్పుడు ముఖం మీదే కొడుతుంది. మా సరంగు 'పదింటికల్లా బయల్దేరిపోదాం బాబూ, గాలి తిరిగిపోద్ది' అని మూడుసార్లు చెప్పాడు. మేం చేపల పులుసు కోసం పన్నెండున్నర దాకా కూర్చున్నాం. పొద్దున రెండు గంటలు పట్టిన దారి తిరిగొచ్చేసరికి నాలుగు గంటలైంది. ప్రతి కెరటానికీ బోటు ముక్కు పైకి లేచి దబ్బున పడటం, మొహాన ఉప్పునీళ్ళు, మా బావమరిది అయితే రుషికొండ రాకముందే తిన్న పులుసంతా గంగమ్మకి అప్పజెప్పేశాడు. రెండోసారి జనవరిలో వెళ్ళి తొమ్మిదిన్నరకే వెనక్కి తిరిగాం, ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు కాకినాడ. ఇక్కడ కెరటాల భయం దాదాపు లేదు, కారణం హోప్ ఐలాండే. గోదావరి తెచ్చిన ఇసుక మేటలు వేసి, దాదాపు రెండు వందల ఏళ్ళలో పెరిగిన దిబ్బ అది. సుమారు 16 కిలోమీటర్ల పొడవున కాకినాడకీ బయటి సముద్రానికీ మధ్య గోడలా నిలబడింది. 1839 నవంబరు ఉప్పెన కోరంగి రేవుని తుడిచిపెట్టేసిందని విన్నాక ఆ ఇసుక గోడ విలువ తెలిసింది నాకు. జెట్టీ నుంచి గంటలోపే దీవి ఒడ్డుకి చేరొచ్చు. ఒకవైపు కదలని నీళ్ళు, పది నిమిషాలు ఇసుకలో నడిస్తే అటువైపు హోరెత్తే సముద్రం. శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టేది ఈ ఇసుకలోనే, అందుకని ఎక్కడ పడితే అక్కడ దిగడం కుదరదు, అటవీ శాఖ అనుమతి సంగతి ముందే కనుక్కోండి.

అసలు అందం మాత్రం దక్షిణాన ఉన్న కోరంగి పాయల్లో ఉంది. మడ చెట్ల వేళ్ళు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, చెట్లు ఊపిరి తీసుకునేది వాటితోనే. కొమ్మలు తగులుతున్నాయని చేత్తో విరవకండి, తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఇంజన్ ఆపేసి పది నిమిషాలు ఊరికే కూర్చుంటే నీటికుక్కలు బయటికొస్తాయి, బురద మీద గెంతే చేపలు కనిపిస్తాయి. బావురుపిల్లి కోసం మూడుసార్లూ కళ్ళు కాయలు కాచేలా చూశాను, రాలేదు.

సరే, నీళ్ళ మోసం ఏమిటంటారా? కాకినాడ అఖాతం చాలా లోతు తక్కువ, గౌతమి పాయలు కోరంగి, గాడేరు తెచ్చి పోసే బురదతో ఇంకా పూడుతోంది. పోటు మీద హాయిగా లోపలికి వెళ్ళిన చోటే పాటు మొదలయ్యాక నీళ్ళు మోకాలి లోతు కూడా ఉండవు. రెండోసారి మమ్మల్ని తీసుకెళ్ళిన బోటతను పోటు పాట్ల లెక్క చూసుకోకుండా బయల్దేరాడు, పాయ నోటి దగ్గర ఇంజన్ ఫ్యాన్ బురదలో దిగబడింది. దిగి తోద్దామంటే కాలు తొడ దాకా కూరుకుపోతుంది. మూడు గంటలు ఆ ఎండలో, దోమల్లో, నీళ్ళు ఎప్పుడు పెరుగుతాయా అని కూర్చున్నాం, అదృష్టం బాగుండి మంచినీళ్ళ సీసాలు ఎక్కువే తెచ్చుకున్నాం. అప్పట్నుంచీ కాకినాడ వెళ్ళాలంటే ముందు పంచాంగం చూస్తున్నాను. అమావాస్య, పౌర్ణమి ప్రాంతంలో నీళ్ళ ఎత్తులో తేడా ఎక్కువ, సప్తమి అష్టముల దగ్గర తక్కువ. పోటు పెరుగుతుండగా పాయల్లోకి వెళ్ళి, తగ్గడం మొదలవగానే బయటికి వచ్చేయాలి.

అంతర్వేది అందమైనదే. నరసాపురం వైపు నుంచి వశిష్ఠ మీదుగా దిగి, అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నదీ సముద్రమూ కలిసే చోటు చూడొచ్చు. కానీ మొగ దగ్గర కెరటాలు విరుగుతుంటాయి, చిన్న బోటు దాన్ని దాటకూడదు. కాబట్టి అది నది ప్రయాణమే అవుతుంది, తీరం వెంబడి తిరిగినట్టు కాదు.

ఏ దారైనా డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకానే బాగుంటుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపానుల భయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజులూ సముద్రం మీద ఇంకో బోటు కనబడటం కష్టం. మీ ఇంజన్ ఆగిపోతే తాడు కట్టి లాక్కొచ్చే మనిషే ఉండడు, అది గుర్తుంచుకోండి. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, సీటు కింద కాదు. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన ప్రమాదం తర్వాత కూడా 'ఉక్కగా ఉంది' అని విప్పి పక్కన పెట్టేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే కళ్ళు మూసుకుని కాకినాడే, తిథి చూసుకుని మరీ వెళ్ళండి. కాస్త కుదుపు తట్టుకోగలిగి, తీరాన్ని సముద్రంలోంచి చూడాలని ఉంటే విశాఖ. నాకైతే విశాఖే ఎక్కువ ఇష్టం, కానీ వన్ వే. పొద్దున్నే బోటు మీద భీమిలి వెళ్ళి, మోకాలి దాకా తడుస్తూ ఒడ్డున దిగి, బోటుని గాలి తిరక్కముందే పంపించేసి, తీరిగ్గా భోంచేసి బస్సులో బీచ్ రోడ్డు మీదుగా వచ్చేయడం. వచ్చే జనవరికి అలాగే మాట్లాడుకున్నాం. బావమరిది మాత్రం బైక్ మీద వచ్చి భీమిలిలో కలుస్తానన్నాడు.