గుంటూరు ఎండల్లో వానకే వదిలేసిన గరిక లాన్

లాన్ కావాలంటే నర్సరీవాళ్లు ముందుగా కొరియన్ గడ్డి, మెక్సికన్ గడ్డి ఫొటోలు చూపిస్తారు. అవి ఎంత అందంగా ఉంటాయో అందరికీ తెలిసిందే. నాకు మాత్రం గరికంటే పిచ్చి ప్రేమ. చచ్చినట్టు పడి ఉంటుంది గానీ చావదు, అందుకు.

మాది గోరంట్ల వైపు. బోరు నీళ్లు ఉప్పన, అవి కూడా ఏప్రిల్ వచ్చేసరికి సరిగా అందవు. తాగే నీళ్లు గడ్డికి పోయడానికి మనసొప్పదు. అందుకే కాలవ గట్టు మీది మామూలు గరిక తెప్పించి, కణుపులున్న ముక్కలుగా తుంచి, తొలకరి పడ్డాక నాటించాం. వినాయకచవితికి పూజలో పెట్టేది అదే. నర్సరీల్లో బెర్ముడా పేరుతో అమ్మేది కూడా ఈ జాతే. నాటడానికి వచ్చిన పెద్దాయన ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు. "పత్తి చేలో దీన్ని పీకలేక మా నడుములు పడిపోతుంటే, మీరు కూలిచ్చి నాటించుకుంటున్నారా అమ్మా?"

మొదటి వేసవి మాత్రం బాగా టెన్షన్ పెట్టింది. శివరాత్రి దాటాక రంగు తగ్గడం మొదలై, ఏప్రిల్ చివరికి ఒక్క పచ్చటి ఆకు మిగల్లేదు. రోహిణి కార్తెకి మా నల్లరేగడి వేలు దూరేంత నెర్రెలు విచ్చింది. వాటి మీదుగా ఎండిన గరిక తీగలు కుట్లు వేసినట్టు రెండు అంచుల్నీ పట్టుకుని ఉన్నాయి. అడుగు వేస్తే కరకరమనేది. వచ్చినవాళ్లంతా తవ్వించేసి టైల్స్ వేయించమనేవాళ్లు. మా అత్తయ్యగారైతే మేస్త్రీతో బేరం కూడా మాట్లాడేశారు.

నాకు మనసొప్పక ఒక తీగ లాగి చూశాను. పైనంతా ఎండు పుల్లే. గునపంతో జానెడు లోతు పెళ్లగిస్తే, నేలలో అడ్డంగా పాకిన కాడ తెల్లగా, గట్టిగా కనిపించింది. గోటితో గీరితే వేలికి తడి తగిలింది. నీళ్లు దొరక్కపోతే గరిక ఆకుల్ని ఎండనిచ్చి, దాచుకున్నదేదో ఆ కాడల్లో పెట్టుకుని ఎదురుచూస్తుంది. మేస్త్రీని మృగశిర దాకా ఆగమన్నాను.

అంతకు ముందే ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది, వెనకాలే జడివాన. రెండు మూడు రోజుల్లో కణుపు కణుపుకీ సన్నటి పచ్చ మొన కనిపించింది. ముందురోజు దాకా పుల్లలని అనుకున్నవాటికి కూడా. వారం తిరక్కుండా దూరం నుంచి చూస్తే నేల రంగు మారిపోయింది. మేస్త్రీ వచ్చి, చూసి, గేటు ముందు నాలుగు టైల్స్ వేసి వెళ్లాడు. అత్తయ్యగారు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు చుట్టాలొస్తే ఆవిడే చూపిస్తారు, అదంతా తన ఐడియా అన్నట్టు!

ఆ తర్వాత ఇంకొన్ని వేసవులు గడిచాయి. వానతోనే బతికిందని నేను అందరికీ చెబుతుంటాను గానీ, నాటిన కొత్తలో వాన మొహం చాటేస్తే బిందెలతో పోశాం. పైగా బతకడానికి వాన చాలుతుంది, ఏడాదంతా పచ్చగా ఉండటానికి చాలదు. గుంటూరులో ఏడాదికి సుమారు 850 మిల్లీమీటర్లు పడినా, చాలావరకు జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. తర్వాత అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాల పుణ్యమా అని కొంత. శివరాత్రి దాటితే ఇక చూడటానికి ఏమీ ఉండదు. ఎండాకాలం ఫంక్షన్లు పెట్టుకునే ఇళ్లకి ఇది కష్టమే. వేసవికి ముందు మరీ పొట్టిగా కోయిస్తే ఇంకా తొందరగా ఎండుతుంది, ఆ నెలల్లో కాస్త ఎత్తుగానే వదిలేస్తున్నాం.

వేపచెట్టు కింద మాత్రం రాలేదు. ఎన్నిసార్లు నాటినా పలచబడి మట్టే తేలింది. గరికకి నేరుగా ఎండ పడాలి. మావారు బండి పెట్టేచోట నేల గట్టిపడిపోయి అక్కడా లేదు. వానాకాలం తుంగ కలుస్తుంది, అది చేత్తో తీయాల్సిందే. గరిక మొండితనం నా బెండ మళ్లలోకీ వచ్చింది. ఒక్క కణుపు మట్టిలో మిగిలినా మళ్లీ లేస్తుంది. ఇప్పుడు మధ్యలో ఇటుకల వరస లోతుగా పాతించాం, అయినా నెలకోసారి పైనుంచి దాటిన తీగల్ని తుంచుతూనే ఉన్నాను. పెద్దాయన నవ్విన నవ్వు అప్పుడప్పుడు గుర్తొస్తుంది.

పక్కింటివాళ్లది కొరియన్ గడ్డి. నీళ్లు పెట్టినన్నాళ్లూ మాకన్నా ఎంతో బాగుంది, బోరు ఎండిన ఏడాది మధ్యలో మచ్చలు మచ్చలుగా పోయింది. నీళ్లకి లోటు లేనివాళ్లు అదే వేసుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు.

మా తమ్ముడు విజయవాడ పటమటలో ఇంటి ముందు గరిక వేస్తానంటే మాత్రం వద్దన్నాను. వాడి ఇంటికి రెండువైపులా అపార్ట్‌మెంట్లు, మధ్యాహ్నం కాసేపే ఎండ పడుతుంది. అక్కడ క్రోటన్ కుండీలు పెట్టుకోమన్నాను.