రిఫైనరీలో బయోమాస్: బాయిలర్లోకా, బయోగ్యాస్‌గానా, వంటనూనెగానా?

పానిపట్ రిఫైనరీకి వాడేసిన వంటనూనెతో విమాన ఇంధనం చేసేందుకు 2025లో అంతర్జాతీయ సర్టిఫికెట్ వచ్చిన దగ్గర్నుంచి నన్ను అందరూ ఒకటే అడుగుతున్నారు: రిఫైనరీల కార్బన్ తగ్గాలంటే బయోమాస్‌ని (గడ్డి, ఊక, పేడ, వాడేసిన నూనె లాంటివాటిని) ఎక్కడ వాడటం మేలు అని. అడిగేవాళ్ల మనసులో జవాబు ముందే ఉంటుంది, వంటనూనే అని. నా ఓటు మాత్రం గడ్డి, ఊక, పెల్లెట్లు (గడ్డిని నొక్కి చేసిన గుళికలు) కాల్చి ఆవిరి తీసే పాతకాలపు బాయిలర్‌కే. నేను పనిచేసేది ఆవిరి, కరెంటు చూసే విభాగంలో కాబట్టి కాస్త మొగ్గు ఉందనుకున్నా ఫర్వాలేదు.

ఏ దారి ఎంచుకున్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు. బయోమాస్ పెడితే ఏ ఇంధనం మానేస్తున్నాం? రిఫైనరీ తన ఫర్నేసుల్లో కాల్చేదాంట్లో చాలా భాగం కొన్నది కాదు. క్రూడ్ శుద్ధి చేస్తుంటే బరువైన నూనెని విరగ్గొట్టే క్రాకర్, కోకర్ యూనిట్ల నుంచి మీథేన్, ఈథేన్ లాంటి తేలిక వాయువులు ఎలాగూ వస్తాయి. సిలిండర్లో పట్టి అమ్మలేం, ట్యాంకులో దాచలేం, అందుకే ఫర్నేసులకి గ్యాస్ మోసే పెద్ద పైపు, ఫ్యూయల్ గ్యాస్ హెడర్‌లోకి పంపి కాల్చేస్తాం. ఇప్పుడు మీరు గడ్డి కాల్చి ఈ గ్యాస్ వాడకం తగ్గించారనుకోండి, మిగిలిన గ్యాస్ ఎక్కడికి పోతుంది? ఫ్లేర్‌కి, అంటే మిగులు గ్యాస్‌ని ఊరికే మండించే గొట్టానికి. అక్కడా అదే కార్బన్ డయాక్సైడ్, పైగా పైసా పని జరగదు. క్రాకర్ రీజెనరేటర్లో కేటలిస్ట్ (చర్యకి సాయపడే పొడి) మీద పేరుకుని అక్కడే కాలే కోక్ (బొగ్గులాంటి మసి) సంగతీ అంతే, దాని జోలికి బయట ఎన్ని పెల్లెట్లు కాల్చినా పోలేం. కాబట్టి బయోమాస్ తప్పించాల్సింది కొనుక్కొస్తున్న ఎల్‌ఎన్‌జీని (ద్రవరూప సహజవాయువుని), బాయిలర్లో పోస్తున్న ఫ్యూయల్ ఆయిల్ అనే చిక్కటి నూనెని, హైడ్రోజన్ తయారుచేసే యూనిట్‌కి పోతున్న నాఫ్తా అనే తేలిక నూనెని. ఇవి తగ్గితేనే పొగగొట్టం లెక్కలో తేడా కనబడుతుంది (గడ్డి పొగలోని కార్బన్ పైరు గాలిలోంచి తీసుకున్నదే కాబట్టి దాన్ని లెక్కలో కలపరు).

ఈ లెక్కన బాయిలర్ సంగతి చూద్దాం. గంటకి 100 టన్నుల ఆవిరి ఇచ్చే బాయిలర్‌కి వరిగడ్డి పెల్లెట్లు గంటకి సుమారు 23 టన్నులు కావాలి, అంటే రోజుకి 550 టన్నుల పైమాటే, పదిహేను టన్నుల లారీలు ముప్ఫై ఏడు దాకా. ఏడాదికి దాదాపు పానిపట్‌లో గడ్డి నుంచి ఇథనాల్ తీసే 2జీ ప్లాంటుకి అనుకున్నంత గడ్డి (అది 2 లక్షల టన్నులు). ఫ్యూయల్ ఆయిల్ మానితే ఏడాదికి 1.8 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్, సహజవాయువు మానితే 1.3 లక్షల టన్నులు తగ్గుతుంది. గడ్డి కోత, రవాణా, పెల్లెట్ మిల్లు డీజిలూ కరెంటూ ఇందులోంచి తీసేయాలి, అయినా మిగిలేది ఎక్కువే.

కష్టాలు లేవని కాదు. వరిగడ్డిలో బూడిదే 15 శాతం పైన, అందులో సిలికా ఎక్కువ, దానికి పొటాషియం, క్లోరిన్ తోడు. ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటర్ ట్యూబుల మీద ఆ బూడిద కరిగి గాజులా అతుక్కుంటుంది, మసి ఊది దులిపే సూట్ బ్లోయర్‌కి లొంగదు, షట్‌డౌన్ తీసుకుని లోపలికి మనుషులు దిగి సుత్తులతో కొట్టి ఊడదీయాల్సిందే. వానాకాలం పెల్లెట్ల కుప్ప సరిగ్గా కప్పకపోతే అడుగున చేత్తో నొక్కితే పొడైపోతుంది. కుప్ప లోపల దానంతట అదే వేడెక్కే టెన్షన్ ఒకటి, అది కూడా హైడ్రోకార్బన్ ట్యాంకుల పొరుగున. అందుకే బాయిలర్‌ని కంచె బయట పెట్టి ఆవిరి పైపు మాత్రం లోపలికి తెచ్చుకోమంటాను. గడ్డి ఒక్కదాన్నే నమ్ముకోకుండా పలాస జీడిపిక్కల తొక్కలు, గోదావరి జిల్లాల ఆయిల్‌పామ్ ఖాళీ గెలలు, సరుగుడు కొమ్మలు కలుపుకుంటే బూడిద బాధ కొంత తగ్గుతుంది, కాకపోతే గెలల్లోనూ పొటాషియం తక్కువేం కాదు.

బయోగ్యాస్ శుభ్రంగా ఉంటుంది, అది ఒప్పుకోవాలి. శుద్ధి చేసి పైపులో పంపితే హైడ్రోజన్ యూనిట్‌కి అది బయోగ్యాసో మామూలు గ్యాసో తేడా తెలియదు, ఒక్క బోల్టు మార్చక్కర్లేదు. కానీ ఉత్తరప్రదేశ్‌లోని బదాయూలో చమురు కంపెనీ హెచ్‌పీసీఎల్ పెట్టిన ప్లాంటు లెక్కే చూడండి: రోజుకి 100 టన్నుల గడ్డికి 14 టన్నుల గ్యాస్. గడ్డిలో ఉన్న శక్తిలో సగమే చేతికొస్తుంది, మిగతాది ఎరువుగా పొలానికి పోతుంది. రైతుకది మంచిదే. రిఫైనరీ లెక్కలో మాత్రం పైన చెప్పిన గడ్డికే తగ్గేది ఏడాదికి 70 వేల టన్నుల చిల్లర. మీథేన్ లీకైతే అదీ కరిగిపోతుంది. గడ్డి మండీ దగ్గర లేక, ఊరి చుట్టూ పేడా మార్కెట్ కుళ్లూ దండిగా ఉంటే ఇదే మేలు.

ఇక వంటనూనె. నూనెలో బరువులో 11 శాతం ఆక్సిజన్, ఇంధనంగా మార్చేటప్పుడు దాన్ని విడదీయడానికి మామూలు డీజిల్ శుద్ధికి పట్టేదానికంటే కొన్ని రెట్లు హైడ్రోజన్ కావాలి. ఆ హైడ్రోజన్ సహజవాయువు నుంచి వస్తే కిలోకి 9-10 కిలోల కార్బన్ డయాక్సైడ్. అంటే రిఫైనరీ సొంత పొగ తగ్గదు, కాస్త పెరుగుతుంది కూడా. తగ్గేది విమానం దగ్గర. అది తక్కువ మేలేం కాదు, కానీ అడిగిన ప్రశ్న అది కాదు. పైగా దేశమంతా గాలించినా వాడేసిన నూనె ఎంతని దొరుకుతుంది?

ఇక మిగతా దారులు. పైరాలసిస్ ఆయిల్ (గాలి తగలకుండా గడ్డిని వేడిచేసి తీసే నూనె) నిండా ఆమ్లం, నీళ్లు, నిలవుంటే చిక్కబడుతుంది, వదిలేయండి. గ్యాసిఫికేషన్ (గడ్డిని అరకొరగా కాల్చి గ్యాస్‌గా మార్చడం) కాగితం మీద మాత్రమే బ్రహ్మాండం.

నా మాటకి ఒక అడ్డు నేనే చెబుతాను. అదే పెల్లెట్ బొగ్గు స్థానంలో కాలితే ఎక్కువ కార్బన్ తప్పుతుంది: ఒక గిగాజౌల్‌కి బొగ్గు 95 కిలోలు, ఫ్యూయల్ ఆయిల్ 77, సహజవాయువు 56. బొగ్గు కరెంటు కేంద్రాలు 5 శాతం బయోమాస్ కలపాలన్న నిబంధన 2024-25 నుంచి వచ్చింది, విశాఖ రిఫైనరీ ఉన్న ప్రాంతంలోనే సింహాద్రి బొగ్గు కరెంటు కేంద్రం ఉండనే ఉంది. రెండూ ఒకే గడ్డికి పోటీ పడితే ధర తడిసి మోపెడవుతుంది, మధ్యలో పశువుల మేత కూడా ఉంది. ఫ్యూయల్ ఆయిల్ ఇంకా కాలుస్తున్న రిఫైనరీ అయితే పెల్లెట్ బాయిలర్ పెట్టుకోవచ్చు. గ్యాస్‌కి మారిపోయినదైతే ఆ గడ్డి సింహాద్రికే వదిలేసి, తను బయోగ్యాస్ దగ్గరికి పోవడం నయం.