కడపలో నాలుగు ఆదివారాల డిబేట్ క్లాసు: పిల్లల్ని పంపండి, బుక్‌లెట్ మాత్రం కొనకండి

యర్రముక్కపల్లి వైపు ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీద నడిచే బ్యాచ్ ఇది. నాలుగు ఆదివారాలు, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. ఫీజు 900, బుక్‌లెట్ కావాలంటే ఇంకో 150. 24 మందిని మించి తీసుకోరు. ముగ్గురేసి చొప్పున ఎనిమిది జట్లు. ఇంటర్, డిగ్రీ పిల్లలే ఎక్కువ, గ్రూప్స్‌కు చదివేవాళ్లు నలుగురైదుగురు. ఈ విడత నెలంతా ఒకటే అంశం: విదేశీ సైన్యం ఆక్రమించిన దేశంలో మానవ హక్కుల ఉల్లంఘనలు. నమూనాగా తీసుకున్నది కువైట్, 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగినప్పటి నుంచి 1991 ఫిబ్రవరి ఆఖరులో వెళ్లిపోయేదాకా.

కడపలో కువైట్‌ను ఎవరికీ పరిచయం చేయక్కర్లేదు. రాయచోటి, రాజంపేట బస్సు ఏది ఎక్కినా అక్కడినుంచి వచ్చినవాళ్లో, అక్కడికి పోయేవాళ్లో ఒకరు తగులుతారు. ఆ ఏడాది అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో లక్షకు పైగా భారతీయులు వెనక్కి వచ్చిన సంగతి చాలా ఇళ్లల్లో ఇప్పటికీ మాటల్లో నలుగుతూనే ఉంటుంది. అందుకే అంశం ఎంపిక బాగుంది. చిక్కూ అక్కడే ఉంది. మొదటి ఆదివారం పిల్లలు చెప్పిన 'ఉల్లంఘన'ల్లో సగం కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే అక్కడి యజమాని) పాస్‌పోర్టు లాక్కున్నాడు, ఆరు నెలల జీతం ఎగ్గొట్టాడు అనే రకం. అన్యాయాలే, కాదనలేం. కానీ అవి ఆక్రమణకు ముందూ ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి. ఆక్రమించిన సైన్యం మీద మోపే కేసులోకి అవి రావు. శిక్షణ ఇచ్చే సార్ వాటన్నిటినీ బోర్డుకు ఒక పక్కన రాయించి చుట్టూ గీత గీయించి, నెలంతా అట్లాగే ఉంచారు. ఎవరు మళ్లీ అటు జారినా ఆ గీత వైపు చేయి చూపిస్తారు, అంతే.

ఇచ్చిన 900 రూపాయలూ రెండో ఆదివారానికే చెల్లు. బోర్డు మీద మూడు గళ్లు: ఏం జరిగింది, ఆ తేదీన అక్కడ పెత్తనం ఎవరిది, ఏ ఆర్టికల్ కిందికి వస్తుంది. జట్టుకు ఐదు చీటీలు. ఒక చీటీలో ఇలా ఉంది: 'మార్చి 1991, కువైట్ నగరం. పాలస్తీనీయులను పట్టుకెళ్లి కొట్టారు.' చీటీ అందుకున్న పిల్లోడు 1949 నాలుగో జెనీవా ఒప్పందం, 31, 32 ఆర్టికల్స్ అని గడగడా చదివేశాడు. యుద్ధంలో చిక్కిన పౌరులను కాపాడే ఒప్పందం అది. సార్ చాక్‌పీసుతో రెండో గడి మీద కొట్టి, "ఆర్టికల్ సరే అబ్బీ. ఆ పొద్దు ఆడ పెత్తనం ఎవురిది? అది చెప్పల్ల ముందు" అన్నారు.

"ఇరాక్‌ది సార్."

"ఇరాక్ సైన్యం ఫిబ్రవరిలోనే ఎల్లిపాయ గదా."

పిల్లోడు చీటీ మళ్లీ చూసుకున్నాడు. ఆ హింస నిజమే, కానీ దాని బాధ్యత తిరిగొచ్చిన కువైట్ ప్రభుత్వానిది. అవతలి జట్టుకు ఈ ఒక్క తేదీ దొరికితే మిగతా ప్రసంగమంతా అనుమానంలో పడుతుంది. అదే చీటీలో ఇంకో గొయ్యి కూడా ఉంది, దాన్ని క్లాసు కూడా తొక్కకుండా దాటిపోయింది. సరే, కువైట్ మీదే కేసు పెడదాం అని పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికను పట్టుకుంటే కుదరదు. కువైట్ అందులో చేరింది 1996లో. ఇరాక్ మాత్రం 1971లోనే ఆమోదించింది. కాబట్టి ఆక్రమణ ఏడు నెలలకు ఆ ఒడంబడిక పనికొస్తుంది, మార్చి 1991కు పనికిరాదు. అక్కడ చిత్రహింసల నిషేధం అన్ని దేశాలకూ వర్తించే ఆచార న్యాయం అనే వాదనకు పోవాలి. సొంత గడ్డ దాటి వెళ్లిన సైన్యానికి ఆ ఒడంబడిక వర్తిస్తుందా అని అవతలివాళ్లు అడుగుతారు. 2004 జూలై 9న అంతర్జాతీయ న్యాయస్థానం, పాలస్తీనా నేల మీద ఇజ్రాయెల్ కట్టిన గోడ కేసులో ఇచ్చిన సలహా అభిప్రాయం దానికి జవాబు: దేశం తన అధికార పరిధిని బయట చెలాయించినా వర్తిస్తుంది.

తేదీ గడికి ఇంత బరువు ఎందుకంటే యుద్ధ నియమాలు చెప్పే 1907 హేగ్ నిబంధనల్లో 42వ ఆర్టికల్ వల్ల. భూభాగం వాస్తవంగా శత్రు సైన్యం చేతికిందికి వస్తేనే ఆక్రమణ. ఎవరు ఏం ప్రకటించారన్నది కొలమానం కాదు. ఇది రెండు వైపులా కోసే కత్తి. కువైట్ తన 19వ రాష్ట్రమని ఇరాక్ ఆగస్టు 28న ప్రకటించుకుంది కాబట్టి అది ఆక్రమణ కాదు, సొంత నేల అని అవతలి జట్టు వాదించవచ్చు. కలిపేసుకున్నా జనం హక్కులు పోవని నాలుగో ఒప్పందం 47వ ఆర్టికల్ చెబుతుంది. కలిపేసుకున్నామని ఇరాక్ మొదట అన్నది ఆగస్టు 8నే, ఆ విలీనం చెల్లదని భద్రతామండలి మర్నాడే, ఆగస్టు 9న, 662 తీర్మానంలో అనేసింది. రెండో వైపు చూడాలంటే హదీసా. ఇరాక్‌లోని ఆ ఊళ్లో అమెరికా మెరైన్ల చేతిలో 24 మంది చనిపోయింది 2005 నవంబర్ 19న. అమెరికా, బ్రిటన్ అధికారికంగా ఆక్రమించిన దేశాలుగా ఉన్నది 2004 జూన్ 28న ఇరాకీ ప్రభుత్వానికి పగ్గాలు అప్పగించేదాకానే. హదీసాను 'ఆక్రమణ నేరం' అనాలంటే పెత్తనం అప్పటికీ వాస్తవంగా ఎవరిదో నిరూపించాలి. ఏడు నిమిషాల్లో అది అయ్యే పని కాదు. ఆ మాట వదిలేసి పౌరుల హత్యగానే పెడితే కేసు అలాగే నిలబడుతుంది.

'ఆక్రమణ' అనగానే మనవాళ్లకు తట్టేది స్థలం కబ్జా. సార్ ఆ పోలికనే వాడుకున్నారు: కబ్జా చేసినంత మాత్రాన పట్టా రాదు. విలీనం వరకు ఈ పోలిక బాగా అతికింది. ఆ తర్వాత తేడా కొడుతుంది. కబ్జాదారుకు చట్టంలో ఏ అధికారమూ లేదు. ఆక్రమించిన సైన్యానికి కొన్ని ఉన్నాయి: శాంతిభద్రతలు చూడొచ్చు, 78వ ఆర్టికల్ కింద భద్రత కోసం తప్పనిసరైతే మనుషుల్ని నిర్బంధించవచ్చు, అయితే అప్పీలుకు దారి ఉండాలి, వీలైతే ఆరు నెలలకోసారి సమీక్షించాలి. కబ్జా పోలికతో లేచిన పిల్లను అవతలి జట్టు "మరి 78 సంగతేంది?" అని అడిగేసరికి పోలిక అక్కడే కూలింది. కౌలు పోలిక మేలు. కౌలుకు చేసేవాడు పంట కోసుకోవచ్చు, చెట్లు నరుక్కోకూడదు. హేగ్ 55వ ఆర్టికల్ ప్రభుత్వ ఆస్తుల గురించి చెప్పేది దాదాపు ఇదే. వెళ్తూ వెళ్తూ ఆరువందలకు పైగా చమురు బావులకు నిప్పు పెట్టినవాళ్ల గురించి చెప్పడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు.

క్లాసులో అందరూ పట్టించుకోవాల్సిన సలహా ఒకటుంది. ఏ ఉల్లంఘన ఘోరమైనదో దాంతో మొదలెట్టకండి. ఏది నిరూపించడం తేలికో దాంతో మొదలెట్టండి. చిత్రహింస నిరూపించాలంటే సాక్షి కావాలి, డాక్టరు కాగితం కావాలి. కువైటీలను పట్టుకుని బస్రా, బాగ్దాద్ జైళ్లకు తీసుకుపోవడం అలా కాదు. ఆక్రమిత నేల నుంచి జనాన్ని బలవంతంగా తరలించకూడదని 49వ ఆర్టికల్, నిందితులనూ ఖైదీలనూ ఆ దేశంలోనే ఉంచాలని 76వ ఆర్టికల్. సరిహద్దు దాటించారని రుజువైతే చాలు, లోపల కొట్టారా లేదా అన్నది తర్వాతి మాట. జనాభా రిజిస్టర్లను నాశనం చేసే ప్రయత్నమూ ఇలాంటిదే. 1990 నవంబర్ 28న భద్రతామండలి 677 తీర్మానం దాన్ని ఖండించి, రిజిస్టర్ నకలును ఐక్యరాజ్యసమితి దగ్గర భద్రం చేయించింది. మన జిల్లా పిల్లలకు అన్నిటికన్నా దగ్గరిది 48వ ఆర్టికల్: ఆక్రమిత దేశంలో చిక్కుకున్న పరాయి దేశస్తులకు అక్కడినుంచి వెళ్లిపోయే హక్కు ఉంది. ఆగస్టు 18 నాటి 664 తీర్మానం ఇరాక్‌ను అడిగిందీ అదే. ఇన్ని రోజుల క్లాసులో దీనికి పది నిమిషాలే ఇచ్చారు. పొరపాటు.

మూడో ఆదివారం సాక్ష్యాలు. ఇక్కడ వాడింది ఇంక్యుబేటర్ల ఉదంతం. 1990 అక్టోబర్ 10న ఒక పదిహేనేళ్ల అమ్మాయి అమెరికా కాంగ్రెస్ సభ్యుల ముందు ఏడుస్తూ, ఇరాక్ సైనికులు ఆస్పత్రిలో పసికందులను ఇంక్యుబేటర్ల నుంచి తీసి నేల మీద పడేశారని చెప్పింది. ఆ పిల్ల అమెరికాలో కువైట్ రాయబారి కూతురని 1992లో బయటపడింది. పసికందుల కథకు ఆధారం దొరకలేదు. ఒక పేరున్న హక్కుల సంస్థ 312 మంది పసికందులని అచ్చువేసి తర్వాత వెనక్కి తీసుకుంది. ఆస్పత్రుల దోపిడీ నిజం, మనుషుల్ని మాయం చేయడం నిజం. 605 మంది కనిపించకుండా పోయారన్నది కువైట్ దశాబ్దాలపాటు వెంటాడిన లెక్క. ఒక్క అబద్ధపు కథ చెబితే అవతలి జట్టు ఈ నిజాలన్నిటినీ దాంతోపాటే కొట్టేస్తుంది. ఇంక్యుబేటర్ ముక్క లేకుండానే ఆస్పత్రుల మీద మూడు నిమిషాలు మాట్లాడమని అభ్యాసం ఇచ్చారు. ముగ్గురే నెగ్గుకొచ్చారు. ఇలాంటిచోట ఆధారపడాల్సిన కాగితం ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి వాల్టర్ కేలిన్ 1992లో ఇచ్చిన నివేదిక. ఆక్రమణలో కువైట్ హక్కుల పరిస్థితి మీదే రాసింది. క్లాసులో దాని పేరు చెప్పారు గానీ ఒక్క పేజీ కూడా జిరాక్స్ తీసి ఇవ్వలేదు.

ఇక ఆ బుక్‌లెట్. 72 పేజీలు, స్పైరల్ బైండింగు. యంత్రంతో తర్జుమా చేయించి ఎవరూ చదవకుండా అచ్చు వేయించినట్టుంది. ఆరో పేజీలో శీర్షిక 'కువైట్‌లో విదేశీ సైనిక వృత్తి'. ఇంగ్లీషు 'ఆక్యుపేషన్'కు వృత్తి అనే అర్థమూ ఉంది కదా, పుస్తకం పొడుగునా ఆక్రమణ అనే చోటల్లా వృత్తే. నవ్వుకుని వదిలేయొచ్చు గానీ కింది తప్పులు పోటీలో మార్కులు తింటాయి. హేగ్ 43ను జెనీవా 43 అని రాశారు. జడ్జి అడిగితే నోరు పెగలదు. 1948 విశ్వ మానవ హక్కుల ప్రకటనను దేశాలు సంతకం చేసిన ఒప్పందంలా వాడారు, అది ప్రకటన మాత్రమే. 49వ ఆర్టికల్‌లో మొదటి పేరా ఒక్కటే ఇచ్చారు. జనం భద్రత కోసమో, సైనికంగా తప్పనిసరైతేనో తాత్కాలికంగా ఖాళీ చేయించవచ్చని రెండో పేరా ఒప్పుకుంటుంది. అవతలి జట్టు లేచి చదివేది దాన్నే. పోరు ఆగగానే వాళ్లను ఇళ్లకు చేర్చాలని అదే పేరా చివర్లో ఉంది, అది తెలిస్తేనే జవాబు చెప్పగలరు. సొంత జనాన్ని తెచ్చి ఆక్రమిత నేలలో దింపకూడదనే ఆరో పేరా అసలే లేదు.

నాలుగో ఆదివారం పోటీ. మోషన్ (వాదించాల్సిన మాట): ఆక్రమణ కాలపు ఉల్లంఘనలకు ఆక్రమించిన దేశమే నష్టపరిహారం కట్టాలి. మనిషికి ఏడు నిమిషాలు, చివర జవాబుకు నాలుగు. అనుకూల జట్లన్నీ ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ మీద పడ్డాయి: 1991లో జెనీవాలో పెట్టారు, ఇరాక్ చమురు డబ్బులో కోత పెట్టి మొత్తం 5,240 కోట్ల డాలర్లు చెల్లింపజేశారు, చివరి వాయిదా 2022 జనవరిలో ముగిసింది. దేశం విడిచిపోవాల్సి వచ్చినవాళ్లకు మనిషికి 2,500 డాలర్లు, వేరే రకం క్లెయిము వేయబోమని ఒప్పుకుంటే 4,000. కుటుంబానికైతే 5,000 లేదా 8,000. లెక్కలన్నీ సరిగ్గానే చెప్పారు. ప్రతికూల జట్టులో ఒక అమ్మాయి మాత్రం సూది గుచ్చింది: "ఆ 4,000 తీసుకున్నోళ్లు హక్కుల ఉల్లంఘన నిరూపించినారా సార్, ఊరిడిసి వచ్చినామని మాత్రమేనా?" సరైన ప్రశ్న. భద్రతామండలి 687 తీర్మానం ఇరాక్‌కు బాధ్యత కట్టింది అక్రమ దండయాత్ర, ఆక్రమణలకే. ఒక్కో హక్కు భంగానికీ విడిగా తీర్పు చెప్పి కాదు. దీనికి ఎదురు చెప్పాలంటే కాంగో, ఉగాండా కేసుకు పోవాలి. కాంగోలో తాను ఆక్రమించిన ఇటూరిలో తన సైనికులు చేసినవాటికే కాదు, ఇతర సాయుధ ముఠాలను అదుపు చేయనందుకూ ఉగాండా బాధ్యురాలని 2005లో అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చింది, 2022లో 32.5 కోట్ల డాలర్లు కట్టమంది. క్లాసులో ఈ కేసు ఊసే రాలేదు.

ఆ అమ్మాయి జట్టు ఓడింది. మార్కుల కాగితం చూస్తే ఎందుకో తెలుస్తుంది: వందకు నలభై గొంతు, హావభావాలకు, పాతిక విషయానికి. సెంటర్ వాళ్లు మార్చాల్సింది ముందుగా ఇదే.

వచ్చే బ్యాచ్‌కు పంపేవాళ్లు బుక్‌లెట్ డబ్బులతో నాలుగో జెనీవా ఒప్పందంలో 27 నుంచి 34, 47 నుంచి 78 ఆర్టికల్స్, హేగ్ నిబంధనల్లో 42 నుంచి 56 ప్రింటు తీయించి ఇవ్వండి. రెడ్ క్రాస్ అంతర్జాతీయ కమిటీ సైటులో ఇంగ్లీషులో ఉచితంగా దొరుకుతాయి. 49కి మాత్రం ఆరు పేరాలూ వచ్చాయో లేదో లెక్కపెట్టుకోండి. మేడ మీద రేకుల కప్పు, ఫ్యాన్లు రెండే. నీళ్ల సీసా ఇంటినుంచే తెచ్చుకోవాలి.