చెస్ ఇంజిన్‌లో బంటుకో క్లాసు కావాలా? ఏది మేలు?

మా పిన్ని కొడుకు నెల్లూరులో ఇంజినీరింగ్ ఫైనలియర్. ప్రాజెక్టుకు చెస్ ఇంజిన్ (చదరంగం ఆడే ప్రోగ్రామ్) ఎంచుకున్నాడు. మొన్న ఆదివారం ఒంగోలు వచ్చి ల్యాప్‌టాప్ తెరిచాడు. పీస్ (పావు) అనే క్లాసు, అంటే డేటానూ దాని పనులనూ ఒకచోట కట్టిన కోడ్ మూస, దాని కింద రాజు, మంత్రి, ఏనుగు, గుర్రం అంటూ ఆరు క్లాసులు. ఎవరి ఎత్తులు వాళ్ళే చెప్పుకుంటారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. "అయిదు ఎత్తులు ముందుకు చూడమంటే, ఆ అయిదో లోతుకే మూలుగుతోందన్నా" అన్నాడు.

నా మొదటి ఇంజిన్ కూడా అచ్చం ఇలాగే ఉండేది కాబట్టి నవ్వలేదు.

దారులు రెండు: ఇలా పావుకో క్లాసు రాసే ఆబ్జెక్ట్ పద్ధతి, అంకెలూ ఫంక్షన్లతో నడిపే ప్రొసీజరల్ పద్ధతి. ఆబ్జెక్ట్ పద్ధతిలో బల్ల మీద కనిపించేదే కోడ్‌లోనూ కనిపిస్తుంది. తంటా ఏమిటంటే, చెస్ నియమాలు పావుల్లో ఉండవు. కాస్లింగ్ (రాజూ ఏనుగూ ఒకే ఎత్తులో కదలడం) రాజుదా, ఏనుగుదా? రాజు క్లాసులో పెడితే, ఏనుగు ఇంతకుముందు కదిలిందా అని ఆరా తీయాలి, దారిలో గడుల మీద ఎవరి కన్నుందో బోర్డును అడగాలి. ఎన్‌పాసాంట్ (రెండు గడులు దూకి పక్కకొచ్చిన బంటును వెంటనే, ఒక గడే కదిలినట్టు చంపడం) మరీను. అవతలి బంటు ఇప్పుడే రెండు గడులు దూకిందని మన బంటుకేం తెలుసు? చివరికి ప్రతి పావు చేతిలోనూ బోర్డంతా పెట్టాల్సి వస్తుంది. ఇక క్లాసులో దాచిందేముంది?

నేను దెబ్బతిన్నది అక్కడే. ఆట మొదటి నుంచి ఒక్కో లోతుకు ఎన్ని ఎత్తుల వరసలున్నాయో లెక్కపెట్టే పెర్ఫ్ట్ పరీక్షలో 20, 400, 8,902, 1,97,281 దాకా సరిపోయాయి. అయిదో లోతులో 48,65,609 రావాలి, నాకు 48,65,351 వచ్చింది. రెండు రాత్రులు గుర్రాన్ని అనుమానించాను. ఆ లోతులో ఎన్‌పాసాంట్‌లు 258 అని చూశాక గానీ, తేడా కూడా 258 అని వెలగలేదు. బోర్డు గుర్తుపెట్టుకున్న గడిని బంటు క్లాసుకు అందించడమే మరిచాను.

ప్రొసీజరల్‌లో గుర్రం ఒక అంకె, అంతే. బోర్డంటే పన్నెండు 64 బిట్ల సంఖ్యలు (రంగుకు ఆరు రకాల పావులు, ఒక్కో గడికి ఒక బిట్), మొత్తం 96 బైట్లు. ఏ గడి నుంచి గుర్రం ఎక్కడికి దూకగలదో పట్టికలో ముందే ఉంటుంది. మన పావులున్న గడులు తీసేస్తే ఎత్తులు వచ్చేస్తాయి. ఎత్తుకు 16 బిట్లు చాలు: బయల్దేరే గడికి 6, చేరే గడికి 6, ప్రమోషన్, కాస్లింగ్ లాంటివాటికి 4. మావాడేమో ఎత్తుకో ఆబ్జెక్ట్ పుట్టిస్తున్నాడు. సెకనుకు లక్షల ఎత్తులు చూడాల్సిన చోట అది టీ తాగిన ప్రతిసారీ కొత్త గ్లాసు కొనడమే.

దీనికీ కష్టాలున్నాయి. నెల తర్వాత తెరిస్తే తొమ్మిది బిట్లు ఎందుకు జరిపామో గుర్తుండదు. అంతా ప్రోగ్రామంతటికీ ఉమ్మడిగా ఉండే గ్లోబల్ వేరియబుల్స్‌లో పెడితే, పక్కపక్కనే నడిచే రెండో థ్రెడ్ పెట్టిన రోజు మొదలవుతుంది టెన్షన్.

పేరున్న ఇంజిన్లనే చూడండి. క్రాఫ్టీ సి భాషలో ఉంది. స్టాక్‌ఫిష్ సి ప్లస్ ప్లస్, అయినా అందులో పొజిషన్‌కు (బల్ల మీది మొత్తం స్థితికి) క్లాసుంది, గుర్రానికి లేదు. నా ఓటూ దానికే: పొజిషన్‌కు ఒక్క క్లాసు, లోపలంతా అంకెలూ ఫంక్షన్లూ.

"వైవాలో, క్లాసు కింద క్లాసులు పెట్టే ఇన్‌హెరిటెన్స్ ఏదంటే ఎట్టన్నా?"

"బొమ్మలు గీసే స్క్రీన్ వైపు ఆ ఆరు క్లాసులూ ఉంచుకో. అక్కడ తొందరేం లేదు."

రైలు కావలి దాటిందో లేదో ఫోన్. పట్టిక రాశాడట. "హెచ్ వరుసలో గుర్రం దూకితే బల్ల అటు చివర 'ఎ' వరుసలో తేలుతోందన్నా!"